పాత బొబ్బిలి వీణకు మళ్లీ మేళం: పని డైరీ

1వ రోజు

మేళం కట్టడమంటే వీణ మెడ (దండి) మీద మైనంలో మెట్లను శ్రుతికి కూర్చోబెట్టడం. వీణ వచ్చిన స్థితి ముందు రాసుకుందాం. ఏడు తీగల్లో మూడే మిగిలాయి, అందులో ఒకటి తుప్పు పట్టింది. మైనం ఎండి పగుళ్లిచ్చింది. 24 మెట్లలో (తీగను నొక్కి పట్టే కంచు కడ్డీలు) ఆరు వేలితో తోస్తే కదులుతున్నాయి, 19వది ఊడిపోయి గుడ్డ సంచిలో విడిగా వచ్చింది. గుర్రం (పలక మీద తీగలు ఆనే వంతెన) కాలి దగ్గర పై పలక మీద 11 సెంటీమీటర్ల సన్నని చీలిక. సొరబుర్రను దండికి బిగించే మర అరిగి ఊరికే తిరుగుతోంది. దండి కింద పుచ్చు రంధ్రాలు పదిహేను దాకా ఉన్నాయి.

ఏకాండి వీణే. దండి కుండతో (నాదం పలికే గుండ్రటి భాగం) కలిసే చోట టార్చి పక్కవాటుగా వేసి చూస్తే పనస చెక్క ఈనెలు తెగకుండా కుండలోకి సాగిపోయాయి. అతుకు వీణ అయితే అక్కడ గీత కనిపిస్తుంది, లేదా ఆ గీతను కప్పడానికి వేసిన పట్టీ కనిపిస్తుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వాళ్లు చేసే వీణ ఒకే పనస దుంగలోంచి తొలిచినది. భౌగోళిక గుర్తింపు వచ్చిన బొబ్బిలి వీణ ఇదే. రిపేరుకు దీనివల్ల లాభం ఏమిటంటే, మెడ అతుకు వదులైందేమోనన్న భయం ఉండదు. నష్టం కూడా ఉంది: దండి వంగితే విడదీసి సరిచేసే దారి లేదు. ఒక మీటరు స్టీలు స్కేలు దండి అంచున నిలబెట్టి చూశాం. నడిమధ్య మందమైన కాగితం దూరేంత సందు, అంతే. దండి బాగుంది.

ఇంటివాళ్లు చెప్పింది: మూడు తరాలుగా ఇంట్లో ఉంది. మేనత్త కచేరీలకు వాయించేవారు. ఆమె తర్వాత దసరాల్లో మూలా నక్షత్రం రోజున పూజలో పెట్టడం తప్ప ఎవరూ శ్రుతి చేయలేదు. "బాగు చెయ్యండి, కొత్తదాన్ని మాత్రం చెయ్యకండి" అన్నారు. వినడానికి చిన్న మాటే. పనిలో దిగితే ప్రతి మెట్టు దగ్గరా ఆ మాటకు అర్థం వెతుక్కోవాల్సి వచ్చింది.

2వ రోజు

విప్పే ముందు నకలు తీసుకోవడం. 70 సెంటీమీటర్ల కాగితపు పట్టీ దండి పక్కన అంటించి, ప్రతి మెట్టు ఎక్కడుందో సన్న పెన్సిలుతో గీసి అంకె వేశాం. మెట్లకు కూడా మాస్కింగ్ టేపు ముక్కతో అంకె, దానితో పాటు సారణి (ఎక్కువగా వాయించే మొదటి తీగ) వైపు కొసకు ఒక చుక్క. ఆ చుక్క మర్చిపోతే కడ్డీ ఏ కొస ఎటుండేదో తర్వాత ఎవరూ చెప్పలేరు. ఈ వీణకు ఆ చుక్కే పనికొచ్చింది. సంగతి 7వ రోజు కింద రాశాం.

మేరువు (దండి పై కొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ) నుంచి గుర్రం మీద తీగ ఆనే చోటికి 840 మిల్లీమీటర్లు.

బిరడాల (తీగలు బిగించే చెక్క మేకులు) గూడులో పాత తీగల చుట్టలు మూడు దొరికాయి. ఒకదానికి మధ్యలో ముడి. తెగిన తీగను పారేయకుండా, ముడి మేరువుకు అవతల పడేలా అతికి వాడారు. మోగే భాగంలోకి ముడి రాకపోతే శ్రుతికి ఏ ఇబ్బందీ లేదు, తెలిసిన చెయ్యి చేసిన పని. మేరువులో సారణి గాడి కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం కనిపించింది. పట్టకారుతో తీసి విప్పితే పంచాంగం ముక్క: ఒక వైపు తిథుల వరస, ఇంకో వైపు వర్జ్యం. గాడి అరిగి తీగ లోతుకు దిగిపోయి, మొదటి మెట్టు మీద చిటపటమంటుంటే ఎత్తు కోసం పెట్టినది. మందం 0.3 మిల్లీమీటర్లు. అంటే గాడి ఎంత అరిగిందో కొలిచి రాసిపెట్టినట్టే. ఆ కాగితాన్ని కవర్లో వేసి, మేరువు గాడిని ఎముక పొడి, బంక కలిపి నింపి మళ్లీ కోశాం.

3, 4 రోజులు

మురికి. యాళి (వీణ కొసన చెక్కిన సింహం లాంటి రూపం) తల మీద కుంకుమ, గంధం, నూనె పేరుకుని గట్టి పొరైంది. దీనికి తడి గుడ్డ పనికిరాదు. నీళ్లు తగిలితే కుంకుమ కరిగి చెక్క రంధ్రాల్లోకి దిగి, లేత పనస చెక్క మీద వదలని ఎర్ర మరక అవుతుంది. పొడి బ్రష్షుతో వదులుగా ఉన్నది రాలగొట్టి, కళ్ల గుంటల్లో, కోరల సందుల్లో ఉన్నదాన్ని అలాగే ఉంచాం. దండికి మాత్రం స్పిరిట్ వాడలేదు. పాత పూత స్పిరిట్‌లో కరిగించిన లక్కే కాబట్టి స్పిరిట్ మురికితో పాటు పూతనూ లాగేస్తుంది. టర్పెంటైన్‌తో తడిపిన నూలు గుడ్డ చాలింది.

అంచు పట్టీలు దంతమా, కొమ్మా, సెల్యులాయిడా అని తేల్చాలి. వేడి సూది గుచ్చి చూడమని చాలామంది చెబుతారు. వద్దు. సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది. వేలితో గట్టిగా పది సార్లు రుద్ది వాసన చూస్తే కర్పూరం వాసన వచ్చింది, సెల్యులాయిడే. నిజంగా ఏనుగు దంతమైతే విరిగిన ముక్కకు బదులు కొత్త ముక్క కొనే ఆలోచనే పెట్టుకోకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

పుచ్చు రంధ్రాల కింద నల్ల కాగితం పరిచి ఉంచాం. వారం పాటు కొత్త పొడి రాలకపోతే పురుగు ఎప్పుడో పోయినట్టు. రాలితే మిగతా పనంతా ఆపి ముందు దాని సంగతి చూడాలి. (చేర్పు, 11వ రోజు: కాగితం శుభ్రంగా ఉంది. రంధ్రాలను మైనంతో మూసేశాం.)

5వ రోజు

పలక చీలిక. వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్తే చీలిక దగ్గర శబ్దం డొల్లగా, చివర్లో చిన్న గరగర. అంటే రెండు అంచులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. వజ్రం బంకే వాడాం. తోలు, ఎముకల నుంచి తీసే ఆ పాత బంక గట్టిపడ్డాక జారదు, అవసరమైతే వేడి నీళ్ల ఆవిరితో ఊడదీయవచ్చు. వడ్రంగి షాపుల్లో దొరికే తెల్ల బంక పట్టు బాగానే ఉంటుంది కానీ ఎడతెగని బరువు కింద నెలల తరబడి అణువణువూ సాగుతుంది. గుర్రం కాలి పక్కన అది పనికిరాదు. రెండు సెకన్లలో అంటుకునే బంక పెళుసు, పైగా చెక్కను నల్లబరుస్తుంది. తర్వాత బాగుచేసేవాడి నోరు మంచిది కాకపోతే మనల్ని తిట్టేది ఇక్కడే.

బంకను గిన్నెలో గిన్నె పెట్టి 60 డిగ్రీల దగ్గర ఉంచి, పలకను కొద్దిగా వెచ్చబెట్టి, చీలిక మీద పోసి బొటనవేలితో తొక్కుతూ లోపలికి పంపాలి. పలక చల్లగా ఉంటే బంక పైనే జెల్లీ కట్టేస్తుంది, లోపలికి దిగదు. మొదటి సారి మాకు అదే జరిగింది, తుడిచేసి మళ్లీ చేశాం. సైకిల్ ట్యూబు పట్టీలతో కుండ చుట్టూ బిగించి 24 గంటలు వదిలేశాం. ఇనుప బిగింపులు గుండ్రటి కుండ మీద నిలవవు, నిలిచిన చోట నొక్కు పడుతుంది.

6వ రోజు

మైనం తీసి మెట్లు బయటికి. జుట్టు ఆరబెట్టే యంత్రం తక్కువ వేడిలో పెట్టి, అరచేతి వెడల్పు మేర వెచ్చబరిచి, వెదురు గరిటెతో ఎత్తితే పట్టీలుగా వచ్చేసింది. ఉలి పెడితే దండి మీద గీతలు పడతాయి. పాత మైనం 310 గ్రాములు. దుమ్ము, నూనె ఎక్కువ ఉండటంతో మళ్లీ వాడటానికి పనికిరాదు.

కంచు కడ్డీలు కడిగి, వరసగా తెల్ల కాగితం మీద పెట్టి, పక్కనుంచి దీపం వేశాం. సారణి తీగ కింద గాళ్లు అన్నిటి మీదా ఒకేలా లేవు. వెర్నియర్ లోతు కడ్డీతో కొలిస్తే 1, 4, 5, 7, 8, 11, 12 మెట్ల మీద 0.3 నుంచి 0.45 మిల్లీమీటర్లు. 2, 3, 6, 9, 10 మీద 0.1 దాటలేదు. 13 తర్వాత దాదాపు కొత్తవే.

ఈ ఏడు అంకెలనూ స్వరాలుగా చదివితే శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం, పై షడ్జం. మాయామాళవగౌళ. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు మొదలుపెట్టే రాగం. గాడి ఆకారం కూడా అదే చెబుతోంది. గమకం లాగే చెయ్యి తీగను మెట్టు మీద పక్కకు ఈడుస్తుంది, అరుగుదల వెడల్పుగా, ఒక వైపు వాలుగా పడుతుంది. ఇక్కడ గాళ్లు ఇరుకుగా, నిటారుగా, రంపంతో కోసినట్టున్నాయి. వేలితో తిన్నగా నొక్కి వదిలిన చేతులవి, కొత్తగా నేర్చుకునే చేతులు. కచేరీ వీణ అయితే 9, 10 మెట్లు ఇంత నున్నగా ఉండే అవకాశం లేదు, పై స్థాయి కూడా అరిగేది.

ఇంటివాళ్లకు ఈ సంగతి ఫోటోలతో చెప్పాం. కాసేపటికి ఒకరికి గుర్తొచ్చింది: సాయంత్రాలు వీధి అరుగు మీద పిల్లల చెప్పులు వరసగా ఉండేవట. మేనత్త కచేరీలు చేయలేదని కాదు. ఈ వీణ పాఠాలకు వాడినది, అంతవరకే మెట్లు చెప్పేది.

7వ రోజు

గాళ్లతో ఏం చేయాలి? తీగ గాడిలో పడితే రెండు తప్పులు: గమకం లాగబోతే తీగ గాడి అంచుకు పట్టుకుని తర్వాత ఒక్కసారిగా జారుతుంది, విడిచినప్పుడు అంచు తగిలి జిరజిరమంటుంది. షాపుల్లో సాధారణంగా రెండే మార్గాలు. 24 మెట్లనూ ఆకురాయితో లోతైన గాడి మేరకు దించడం, లేదా కొత్త కడ్డీల జత వేయడం. మొదటిదానిలో అరగని 17 మెట్ల కంచు కూడా అనవసరంగా పోతుంది. రెండో దానిలో ఆ ఏడు స్వరాలు డబ్బాలోకి పోతాయి.

మూడో దారి కడ్డీని తిరగేయడం. కొసలు మార్చి పెడితే సారణి కింద ఉన్న గాడి అవతలి అంచుకు, అన్నిటికంటే మందమైన అనుమంద్రం తీగ కిందికి వెళ్తుంది. ఆ తీగ మీద అంత వేగంగా, అంత లాగుడుగా వాయించరు, అక్కడ గాడి ఉన్నా ఇబ్బంది తక్కువ. 2వ రోజు వేసిన చుక్కలు ఇక్కడికి పనికొచ్చాయి. ఏడింటిలో ఆరు తిరగేయడానికి కుదిరాయి. 8వది కుదరలేదు: ఒక కొస రెండో దానికంటే 0.6 మిల్లీమీటర్లు పొట్టి, చేత్తో పోత పోసినప్పటి తేడా. దాన్ని ఉన్నట్టే పెట్టి, గాడి అంచులను మాత్రం 1000 నంబరు ఎమరీ పేపరుతో గుండ్రం చేశాం.

9, 10 రోజులు

మైనం వంట. కావాల్సినవి తేనె మైనం, గుగ్గిలం, బొగ్గు పొడి. ఒక్కొక్కరి పాళ్లు ఒక్కోలా ఉంటాయి, అందుకని మూడు చిన్న ముద్దలు చేసి పరీక్షించాం.

100 గ్రాముల మైనానికి 10 గుగ్గిలం, 5 బొగ్గు: 38 డిగ్రీల గదిలో గోరు దిగింది, కడ్డీ తోస్తే వాలింది. ఎండాకాలం దాటదు.
100కి 40 గుగ్గిలం, 8 బొగ్గు: రాయిలా గట్టిపడింది, మర్నాడు పొద్దున అంచు పెళ్ల ఊడింది. మెట్టు సవరించబోతే పగులుతుంది.
100కి 25 గుగ్గిలం, 8 బొగ్గు: దీనితో పోయాం.

దండి మీద రెండు గట్లకు మొత్తం 400 గ్రాములు: మైనం 300, గుగ్గిలం 75, బొగ్గు 24. మొదట నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి కరిగించాం. మైనం 62-64 డిగ్రీలకే కరిగింది కానీ గుగ్గిలం గింజలు గింజలుగానే ఉండిపోయాయి, వడగడితే గుడ్డలో సగం మిగిలింది. గుగ్గిలాన్ని మెత్తగా నూరి, గుడ్డలో జల్లించి, విడిగా మందపాటి మూకుడులో సన్న సెగ మీద కరిగించి, దానిలోకి మైనం కొద్దికొద్దిగా వేయాలి. పొగ లేస్తే సెగ ఎక్కువైనట్టు. పక్కన మూత సిద్ధంగా ఉండాలి, అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మూత పెట్టెయ్యాలి. బొగ్గు పొడి చివర్లో. అది రంగు కోసమే అనుకుంటారు గానీ, అది పడకపోతే ముద్ద చేతికి అంటుకుని ఆకారం నిలవదు.

12 నుంచి 14 రోజులు

మేళం కట్టడం. అసలు పని ఇదే, మిగతాదంతా దీనికోసం.

మెట్ల స్థానాలకు లెక్క ఉంది. మిగిలిన పొడవును 17.817తో భాగిస్తే తర్వాతి మెట్టు ఎంత దూరమో వస్తుంది. 840కి మేరువు నుంచి 1వ మెట్టు 47.1, 5వది 210.7, 7వది 279.4, 12వది 420, 24వది 630 మిల్లీమీటర్లు. కాగితం మీద ఇది సరే. లెక్క ప్రకారం పెడితే ప్రతి స్వరమూ హెచ్చుగా పలుకుతుంది. నొక్కినప్పుడు తీగ సాగి బిగువు పెరుగుతుంది కదా. అందుకని మెట్టును మేరువు వైపు కొంచెం జరపాలి. ఎంత అనేది తీగ మందం, మెట్టు ఎత్తు, నొక్కే వేలు బట్టి మారుతుంది. 24 స్థిరమైన మెట్ల ఏర్పాటు 17వ శతాబ్దం తొలినాళ్లలో తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో కుదిరిందని సంప్రదాయం. స్థిరం అన్నా మైనంలో స్థిరం. వెచ్చబరిస్తే మళ్లీ జరుగుతుంది. లోహపు మెట్టును చెక్కలోకి దిగ్గొట్టకుండా మైనంలో ఎందుకు కూర్చోబెడతారో ఇక్కడ తెలిసొస్తుంది.

తీగలు స్క్రూగేజీతో: సారణి ఉక్కు 0.38, పంచమం ఉక్కు 0.46, మంద్రం ఇత్తడి 0.56, అనుమంద్రం ఇత్తడి 0.71 మిల్లీమీటర్లు. మూడు శ్రుతికి (హార్మోనియం మూడో తెల్ల మీట ఎత్తుకు) పెడితే ఈ నాలుగు తీగల లాగుడే దాదాపు 20 కిలోలు, తాళం తీగలు మూడూ వేరే. అన్నీ ఒకేసారి బిగించకూడదు. సారణి, అనుమంద్రం సగం బిగించి, తర్వాత మధ్యవి, ఆ తర్వాత తాళం తీగలు: పక్క సారణి, పక్క పంచమం, హెచ్చు సారణి. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి అరస్వరం దిగాయి. అది మామూలే.

మైనం గట్లు దండికి రెండు వైపులా వెచ్చగా ఉండగానే పరిచి, చెక్క పలకతో ఒకే ఎత్తుకు తట్టాం. మొదట 12వ మెట్టు. సారణిని దాని మీద నొక్కి, హెచ్చు సారణితో కలిపి మీటితే రెండూ ఒకటి కాకపోతే అల వినిపిస్తుంది: వఁ... వఁ... వఁ. ఈ శ్రుతిలో సెకనుకు ఒక అల అంటే దాదాపు 5 సెంట్ల తేడా (అరస్వరంలో వందో వంతు ఒక సెంటు). అల నెమ్మదించి ఆగేదాకా కడ్డీని గోరుతో తోయాలి. 417 దగ్గర ఆగింది. తర్వాత 7వ మెట్టు పక్క పంచమంతో, ఆ తర్వాత 5వది, మిగతావి వీటి మధ్యలో. 1వ మెట్టు 45.5 దగ్గర, 24వది 627.5 దగ్గర కుదిరాయి.

పై మెట్ల దగ్గర తప్పు జరిగేది ఇలా: 19వ మెట్టు సరిచేస్తుంటే వేడి చువ్వ పక్కకు తగిలి 18వది వాలుతుంది. ఒక్కో మెట్టుకూ అటూ ఇటూ తడి గుడ్డ ముక్క వేస్తే వేడి పాకదు. మాకు ఇది రెండో రోజు మధ్యాహ్నానికి గానీ తట్టలేదు, అప్పటికే 16 నుంచి 20 దాకా మూడు సార్లు పెట్టి తీశాం.

ఎత్తు కూడా చూడాలి. స్కేలు మూడేసి మెట్ల మీద ఆనించి అటూ ఇటూ ఊపితే టకటకమంటే మధ్యది ఎక్కువ ఎత్తు. దించాలంటే ఆకురాయి వద్దు, చువ్వ వేడి చేసి కడ్డీ మీద ఆనించి నొక్కితే మైనంలోకి దిగుతుంది.

16వ రోజు

గుర్రం. పైనున్న కంచు పలకను లక్కతో అంటిస్తారు, ఇక్కడ ఒక మూల విడిపోయింది. మంద్రం మీటితే వచ్చే గర్రుమన్న శబ్దం మెట్లదే అనుకుని రెండు రోజులు వెతికాం, అది ఇక్కడిది. పాత లక్క గీకి కొత్తది కరిగించి అంటించాం. పలక వాలు జీవాళికి (తీగ నాదంలోని ఝంకారానికి) ప్రాణం. మరీ చదునైతే తీగ పొడుగునా ఆని నాదం చచ్చిపోతుంది, మరీ గుండ్రంగా ఉంటే ఒక్క చోటే ఆని పొడిగా పలుకుతుంది. పాత అరుగుదల గీతలు పోయేంత మాత్రమే సన్న ఆకురాయి, తర్వాత 600, 1000 ఎమరీ. నాలుగు సార్లు రుద్దితే ఒకసారి తీగ వేసి వినడం.

బిరడాల్లో పంచమానిది జారుతోంది. సుద్ద పూస్తే పట్టింది. మంద్రానిది బిగుసుకుంది, సబ్బు ముక్క రాస్తే కదిలింది. సొరబుర్ర మరకు నూలు దారం చుట్టి మైనం పూశాం, కొత్త మర కోయలేదు.

21వ రోజు

వారం ఆగాక మళ్లీ కొలిచాం. 3వ, 17వ మెట్లు అర మిల్లీమీటరు లోపు జరిగాయి, సరిచేశాం. నాగపాశం (తీగల కింది కొసలు కట్టే చోటు) దగ్గర లంగర్లన్నీ (తీగల మీద జరిపే చిన్న రింగులు) మధ్యలో ఉండేలా బిరడాలతో శ్రుతి కలిపాం, సన్న సవరింపుకు రెండు వైపులా చోటుండాలి. ఇంటివాళ్లకు చెప్పినవి మూడే: ఎండలో నిలబెట్టిన కారులో ఉంచొద్దు, మైనం గంటలో మెత్తబడుతుంది. వాడనప్పుడు ప్రతి తీగనూ ఒక స్వరం దించండి. పూజలో కుంకుమ యాళికి పెట్టండి, మెట్లకు వద్దు.

పంచాంగం ముక్క ఉన్న కవరు, ముడి తీగ చుట్ట, 2వ రోజు గీసిన కాగితపు పట్టీ, గాళ్ల కొలతల కాగితం వీణ పెట్టెలోనే పెట్టాం. 8వ మెట్టు మీద ధైవతం లాగితే ఇప్పటికీ కొంచెం పట్టుకుంటుంది.